ముద్ర లేని చిరునామా

ఊరి పేరు చెబితే ఆఫీసు తెలిసిపోతుంది, ఆఫీసు తెలిస్తే డైరెక్టర్ గారు తెలిసిపోతారు, ఆయన తెలిసిపోతే ఈ కథ రాసినవాడికి సంజాయిషీ నోటీసు వస్తుంది. కాబట్టి మిర్చి పండే జిల్లాల్లో ఒక జిల్లా, అందులో ఒక పట్నం అనుకుందాం. ఆ పట్నంలో ప్రాంతీయ విత్తన మొలక పరీక్షా మండలి అని ఒక ఆఫీసు ఉంది. రైతు తను కొన్న విత్తనాల్లోంచి గుప్పెడు తెచ్చి ఇస్తే, తడి కాగితం మీద వంద గింజలు పరిచి, పద్నాలుగు రోజులు చూసి, ఎన్ని మొలిచాయో రాసి ఇస్తారు. ఆ పని మాత్రం బాగానే సాగుతుంది, ఎందుకంటే మొలవడానికి గింజకు ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఆరేళ్ళ కిందట ఈ ఆఫీసు రైల్వే గేటు పక్కనున్న అద్దె మేడలోంచి బైపాస్ రోడ్డు మీద కట్టిన సొంత భవనానికి మారింది. మధ్య దూరం పదకొండు కిలోమీటర్లు. బల్లలు మారాయి, బీరువాలు మారాయి, బీరువాల మీద పడుకునే పిల్లి కూడా లారీ ఎక్కి వచ్చేసింది. వెబ్‌సైట్‌లో చిరునామా ఒక్కటే రానని మొండికేసింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ వెబ్‌సైట్ చూసిన మనిషి జిల్లాలో లేడు.

తర్వాత రోజులు మారాయి. రైతు జేబులోంచి ఫోన్ తీసి నోటితో అడిగితే ఏఐ జవాబు చెప్పడం మొదలుపెట్టింది. విత్తనాల పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగితే, "రైల్వే గేటు పక్కన, ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు" అని ఎంతో మర్యాదగా చెప్పేది. పాపం, దాని తప్పేం లేదు. మండలి వారు తమ వెబ్‌సైట్‌లో ఏం రాసుకున్నారో అదే చదివేది.

సీనియర్ అసిస్టెంట్ విశాలాక్షికి ఈ సంగతి జనవరి నెలలో తెలిసింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో సగం ఆవిడ నమూనాల కౌంటర్‌లోనే గడిపింది. ఆ రోజు కౌంటర్ దగ్గరికి మస్తాన్ వలీ అనే రైతు వచ్చాడు. చేతిలో విత్తనాల పొట్లం లేదు, తలకు తలపాగా మాత్రం ఉంది.

"నన్ను గుర్తుపట్టారా మేడం? పోయినేడు ఆగస్టులో వచ్చా. ఫోన్ చెప్పిందని గేటు కాడికి పోయా. ఆడ ఇడ్లీలు తప్ప ఏం లేవు. వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటా ఈడికొచ్చేసరికి ఒంటిగంట దాటింది, కౌంటర్ మూశారు."

"అయ్యో, మర్నాడు రాకపోయావా?"

"మర్నాడు వస్తే ఎట్టా మేడం, రెండు బస్సులు మారాలి. పద్నాలుగు రోజులు ఆగితే అదును పోద్ది. పరీక్ష లేకుండానే నారు పోశా. సగం గింజ మొలవలా. రెండెకరాల్లో ఎకరం బీడు పెట్టుకున్నా." అతను కోపంగా చెప్పలేదు. "మిమ్మల్ని అనడానికి రాలేదు. ఈ ఏడు కూడా జులైలో విత్తనాలు కొంటా. ఈలోపు ఆ ఫోన్‌కి కాస్త చెప్పండి, మేం ఈడున్నామని."

విశాలాక్షికి ఆ మాట గుచ్చుకుంది. ఆగస్టులో ఆ రోజు ఒంటిగంటకు కౌంటర్ తలుపు వేసింది తనే. మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినకుండా కూర్చుని ఫైల్లో నోట్ రాసింది: "వెబ్‌సైట్‌లో చిరునామా గల ఒక్క వాక్యమును మార్చుటకు అనుమతి కోరడమైనది." వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఆవిడ డైరీ వెనకపేజీలోనే ఉంది. పని ఐదు నిమిషాలు పడుతుంది.

ఆ నోట్ డైరెక్టర్ పరాంకుశరావు గారి బల్ల మీదికి వెళ్ళిన ముహూర్తం మంచిది కాదు. ఆయన సరిగ్గా ముందురోజే 'ఏఐ యుగంలో పరిపాలన' అనే మూడురోజుల సదస్సు నుంచి ఒక సంచీ, ఒక పెన్ను, అపారమైన ఉత్సాహం పట్టుకుని తిరిగొచ్చారు. విశాలాక్షిని పిలిపించారు.

"విశాలాక్షి గారూ, మీ ప్రతిపాదన చూశాను. సంకుచితంగా ఉంది. లోకం ఎక్కడికో వెళ్ళిపోతుంటే మీ ఆలోచన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. ఇకమీదట మన సంస్థను చదవబోయేది మనుషులు కాదు, ఏఐ. దానికి తగిన సీఎంఎస్ మన దగ్గర ఉందా?"

సీఎంఎస్ అంటే వెబ్‌సైట్‌లో రాతలు పెట్టడానికి, తీయడానికి వాడే సాఫ్ట్‌వేర్. ఉన్నదేదో ఉంది, దాంట్లోనే రాస్తే సరిపోతుందని విశాలాక్షి చెప్పబోయింది.

"సరిపోవడం వేరు, సమగ్రత వేరు," అన్నారు డైరెక్టర్ గారు. ఫైలు మీద ఎర్ర సిరాతో రాశారు: "కృత్రిమ మేధకు అనువైన సీఎంఎస్ ఎంపిక నిమిత్తం ఉన్నతస్థాయి కమిటీ ఏర్పాటు చేయడమైనది. కమిటీ తుది నివేదిక ఇచ్చే వరకు వెబ్‌సైట్‌లో అక్షరమైనా మార్చరాదు."

అలా ఒక్క వాక్యం మార్చమని వెళ్ళిన ఫైలు ఆ వాక్యానికే తాళం వేసి తిరిగొచ్చింది. పైగా నోట్ పెట్టింది ఆవిడే కనుక కమిటీకి సభ్య కార్యదర్శి కూడా ఆవిడే అయింది. అంటే బిస్కెట్లు తెప్పించడం, మినిట్స్ రాయడం.

ఐదుగురి కమిటీలో అసలు బలం జాయింట్ డైరెక్టర్ భుజంగరావు గారు. నిబంధనల పుస్తకంలో ఏ పేజీలో ఏముందో ఆయనకు కంఠతా వచ్చు, ఎందుకుందో మాత్రం ఎప్పుడూ అడగలేదు. టెండర్ షరతులు ఆయనే రాశారు. మూడో షరతు ప్రకారం సరఫరాదారుకు ఏఐ శోధన రంగంలో కనీసం పదిహేనేళ్ళ అనుభవం ఉండాలి.

"సార్, ఈ ఏఐ శోధన వచ్చి నాలుగేళ్ళు కూడా కాలేదు కదండీ," అంది విశాలాక్షి.

"అందుకే అనుభవజ్ఞులు కావాలంటున్నాను," అన్నారు భుజంగరావు గారు.

ముగ్గురు సరఫరాదారులు పదిహేనేళ్ళ అనుభవపత్రాలు పట్టుకొచ్చారు. అందులో ఒక కంపెనీ వయసు ఎనిమిదేళ్ళు. అది కంపెనీ పుట్టకముందు అనుభవం అని వివరణ ఇస్తే కమిటీ సంతృప్తి వ్యక్తం చేసింది.

మార్చిలో ప్రదర్శనలు జరిగాయి. మొదటి కంపెనీ కుర్రాడు తమది తలలేని సీఎంఎస్ అని, ఇప్పుడు లోకమంతా తలలేనివాటినే వాడుతోందని హుషారుగా మొదలుపెట్టాడు. వెనకాల రాతలు ఉంటాయి, ముందు కనిపించే మొహం ఎలా కావాలంటే అలా పెట్టుకోవచ్చని అతని భావం. డైరెక్టర్ గారి మొహం మాత్రం ఒకేలా ఉండిపోయింది.

"ఈ సంస్థకు తల ఉంది బాబూ," అన్నారు ఆయన నెమ్మదిగా. "ఇంతవరకూ దాని అవసరం లేదని ఎవరూ అనలేదు." ఆ కంపెనీని కాఫీ ఇచ్చి పంపేశారు.

రెండో కంపెనీకి భుజంగరావు గారు ఒకే ప్రశ్న వేశారు. "మీ వ్యవస్థలో ముద్ర ఎక్కడ వేస్తారు?"

ఇక్కడ మండలి ఆచారం ఒకటి చెప్పాలి. ఆ ఆఫీసులోంచి ఏ కాగితం బయటికి వెళ్ళినా దాని మీద గుండ్రటి నీలం ముద్ర ఉండాలి. మంచినీళ్ళ క్యాన్ల కోసం రాసిన చీటీ మీద కూడా ఉంటుంది. ముద్ర లేని అక్షరాన్ని మండలి అక్షరంగా లెక్కపెట్టదు.

"ముద్ర అంటే ఏంటి సార్?" అన్నాడు రెండో కంపెనీ అతను. అంతటితో అతని ప్రదర్శన ముగిసింది.

ఎంపిక కష్టమవుతోందని విశాలాక్షి ఒక సలహా ఇచ్చింది. ఎలాగూ చదివేది ఏఐ కదా, ఏది బాగుంటుందో దాన్నే అడిగితే పోలా అంది. డైరెక్టర్ గారికి అది నచ్చింది. కమిటీ ముందు, రెండో అజెండా అంశంగా, ఫోన్‌ను ఒక పళ్ళెంలో పెట్టి అడిగారు. ఏఐ నాలుగు సెకన్లలో చెప్పింది: "ఏ సీఎంఎస్ అయినా పరవాలేదు. చిరునామా, పనివేళలు, ఏమేం తేవాలో మామూలు మాటల్లో, సరిగ్గా రాయండి. బొమ్మలుగా కాకుండా అక్షరాలుగా పెట్టండి. మారినప్పుడు మార్చండి. పాతది తీసేయండి."

విశాలాక్షికి ప్రాణం లేచొచ్చింది. భుజంగరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మన ఎంపిక వల్ల లాభపడేది ఏఐ. లబ్ధిదారు అభిప్రాయాన్ని ఎంపికలో పరిగణించరాదు, నిబంధన పదిహేడు," అన్నారు. "పైగా ఆ అభిప్రాయం మీద సంతకం లేదు." మినిట్స్‌లో ఆ జవాబును "విన్నాము, నమోదు చేయలేదు" అని నమోదు చేయించారు.

మూడో కంపెనీవాడు బతకనేర్చినవాడు. గుమ్మం బయట కూర్చుని ముద్ర సంగతంతా విన్నాడు. లోపలికి వస్తూనే, "సార్, మా దాంట్లో మీరు చిరునామాను కాగితం మీద టైప్ చేసి, ఐదుగురూ సంతకాలు పెట్టి, ముద్ర కొట్టి ఇస్తే, దాన్ని ఫొటో తీసి ఉన్నదున్నట్టు పెట్టేస్తాం. ముద్ర రంగు కూడా పోదు," అన్నాడు. ఎంపిక ఏకగ్రీవంగా ముగిసింది. ఫొటోలోని అక్షరాలను ఏఐ చదవకపోవచ్చని విశాలాక్షి గుర్తుచేస్తే, చదువుకోవలసిన బాధ్యత చదివేవారిదని డైరెక్టర్ గారు తేల్చారు.

ఏప్రిల్, మే నెలలు చిరునామా రాయడానికి పట్టాయి. విశాలాక్షి పెట్టిన చిత్తుప్రతిలో "బైపాస్ రోడ్డు, పెట్రోలు బంకు ఎదురుగా" అని ఉంది. ఐదుగురి సంతకాలూ అయ్యేసరికి అది ఇలా తేలింది: "పూర్వము రైల్వే గేటు పార్శ్వమున గల భవన సముదాయము నందు విధులు నిర్వర్తించుచుండిన మండలి, ప్రజా సౌకర్యార్థము స్థానచలనము గావించబడి, ఉపమార్గ రహదారి యందు ఇంధన విక్రయ కేంద్రమునకు అభిముఖముగా కొనసాగుచున్నదని ఇందుమూలముగా తెలియజేయడమైనది." దాని నడిమధ్యన ముద్ర పడింది. ముద్ర పడినచోట రహదారి మాయమైంది.

జూన్ మొదటి వారంలో కొత్త వెబ్‌సైట్‌ను ప్రారంభించారు. రిబ్బన్‌ను కంప్యూటర్‌కు కట్టి కత్తిరించారు. పాత పేజీ అలాగే ఉండిపోయింది. అది మండలి రికార్డు, రికార్డు తీసేయాలంటే ఇంకో కమిటీ కావాలి. చప్పట్లు అయ్యాక డైరెక్టర్ గారు ఫోన్ తీసి గంభీరంగా అడిగారు: "విత్తన మొలక పరీక్షా మండలి ఎక్కడ ఉంది?"

"రైల్వే గేటు పక్కన," అంది ఫోన్.

 మర్నాడు ఏఐకి సంజాయిషీ నోటీసు తయారైంది. మండలి అధికారిక చిరునామాకు విరుద్ధంగా సమాచారం ఇచ్చినందుకు దాని మీద చర్య ఎందుకు తీసుకోకూడదో ఏడు రోజుల్లోగా వివరించాలని అందులో ఉంది. ఏడు రోజుల్లోగా కాదు, టైప్ చేసిన నాలుగు సెకన్లకే అది క్షమాపణ చెప్పుకుని, సరైన చిరునామా దయచేసి చెప్పమని అడిగింది. మండలి చిరునామాను మండలినే అడగడం ధిక్కారం అని భుజంగరావు గారు ఫైల్లో రాశారు.

ఈలోగా జులై వచ్చేసింది. వానలు పడ్డాయి. రోజూ కౌంటర్ మూసే వేళకు నలుగురైదుగురు చెమటలు కక్కుతూ వచ్చేవాళ్ళు, అందరూ గేటు దగ్గరికి పోయి వచ్చినవాళ్ళే. విశాలాక్షి ఒంటిగంట దాటాక కూడా తలుపు వేయడం మానేసింది. దానికి ఆవిడకు ఒక మెమో వచ్చింది, ముద్రతో సహా. ఆవిడకు నిద్రలో కూడా మస్తాన్ వలీ తలపాగా కనిపించేది. ఇక లాభం లేదని ఒక శనివారం ఉదయం బస్సెక్కి స్వయంగా రైల్వే గేటు దగ్గరికి వెళ్ళింది.

ఒకప్పటి ఆఫీసు మేడ కింది భాగంలో నాంచారమ్మ టిఫిన్ సెంటర్ నడుపుతోంది. పై భాగం ఖాళీ. విశాలాక్షి ఏ ఆఫీసు మనిషో తెలియగానే ఆవిడ చట్నీ గరిటె పక్కన పెట్టింది.

"నువ్వేనా తల్లీ ఆ ఆఫీసు? రా, కూర్చో. ఆరేళ్ళ నుంచీ మీ ఉద్యోగం నేనే చేస్తన్నా. పొద్దున లేస్తే పెసరట్టుకి ఎంతమంది వస్తారో, మీ కోసం అంతమంది వస్తారు. పెనం మీద అట్టు మాడిపోతా ఉంటే నేను బైపాస్‌కి దారి చెప్తా ఉంటా. ఏ బస్సెక్కాలి, ఏం తీసకపోవాలి, అన్నీ నాకు కంఠతా వచ్చినయ్. అంత పెద్ద ఆఫీసు పెట్టుకుని ఒక ముక్క రాసుకోలేరా మీరు?"

విశాలాక్షి తల దించుకుని ఇడ్లీ తుంచింది. ఎదురుగా నల్లబోర్డు మీద ఆనాటి టిఫిన్లు సుద్దముక్కతో రాసి ఉన్నాయి. దానికింద జానెడు జాగా ఖాళీగా ఉంది. వెబ్‌సైట్‌లో అక్షరం మార్చరాదని ఉత్తర్వు. ఇడ్లీ బోర్డు గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

"నాంచారమ్మ గారూ, ఆ సుద్దముక్క ఒకసారి ఇస్తారా?"

ఆవిడ రాసింది: "విత్తనాల పరీక్ష ఆఫీసు ఇక్కడ లేదు. బైపాస్ రోడ్డు, పెట్రోలు బంకు ఎదురుగా. ఇక్కడి నుంచి ఏడో నంబరు బస్సు. పది నుంచి ఒంటిగంట. గుప్పెడు విత్తనాలు, కొన్న బిల్లు తెచ్చుకోండి."

నాంచారమ్మ కోడలు దాన్ని చదివి, "బాగుంది అత్తయ్యా, నెట్‌లో మన షాపు పేజీలో కూడా పెడతా, ఫోన్లు చేసి అడిగేవాళ్ళ బాధ తప్పుద్ది," అంటూ పెసరట్టు ఫొటో కింద అవే మాటలు టైప్ చేసేసింది. అమ్మాయికి అట్టు తిరగేసినంతసేపు కూడా పట్టలేదు.

పది రోజుల తర్వాత మస్తాన్ వలీ కౌంటర్ ముందు నిలబడ్డాడు. గోడ గడియారంలో పదింబావు.

"నేరుగా వచ్చా మేడం. ఫోన్ ఈసారి బంకు ఎదురుగానే చెప్పింది. ఏడో నంబరు బస్సని కూడా చెప్పింది. బిల్లు కూడా తెచ్చుకోమంది." విత్తనాల పొట్లం బల్ల మీద పెట్టాడు. "ఆఖర్న పెసరట్టు బాగుంటదని కూడా చెప్పింది. అదెందుకు చెప్పిందో తెలవలా."

విశాలాక్షి నవ్వు ఆపుకుని వంద గింజలు లెక్కపెట్టింది.  తడి కాగితం మీద పరిచి, ట్రే మీద అతని పేరు రాసి, మొలక పెట్టెలో పెట్టింది. ఈ శుభవార్త చెబుదామని డైరెక్టర్ గారి గదికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. అక్కడ కమిటీ తుది నివేదిక మీద సంతకాలు జరుగుతున్నాయి.

"కూర్చోండి, మీరూ పెట్టాలి సంతకం," అన్నారు డైరెక్టర్ గారు ప్రసన్నంగా. "సమస్య మూలాల్లోకి వెళ్ళాం. ఏఐ మాట మార్చదు. చిరునామా మార్చాలంటే వెబ్‌సైట్ మార్చాలి, వెబ్‌సైట్ మార్చాలంటే సీఎంఎస్ మార్చాలి, అది మళ్ళీ టెండర్. కాబట్టి ఏఐ చెబుతున్నదాన్ని నిజం చేయడం సులభం. ఆఫీసును తిరిగి రైల్వే గేటు పక్కకు మారుస్తున్నాం. మేడ పై భాగం ఖాళీగా ఉందట."

 "సార్, ఏఐ ఇప్పుడు బైపాస్ అనే చెబుతోందండీ. ఇందాక ఒక రైతు దాన్ని అడిగే నేరుగా వచ్చాడు," అంది విశాలాక్షి.

"ఎవరి అనుమతితో?" అన్నారు భుజంగరావు గారు.

డైరెక్టర్ గారు చేయెత్తారు. "విశాలాక్షి గారూ, నివేదిక పూర్తయ్యాక వచ్చిన సమాచారాన్ని చూస్తే నివేదిక మళ్ళీ తెరవాలి. ఆరు నెలల శ్రమ." ఆ మాటతో ఫోన్‌ను సొరుగులో పెట్టి తాళం వేశారు. ముహూర్తం పన్నెండో రోజుకు కుదిరింది.

అంటే మస్తాన్ వలీ గింజలకు ఇంకా రెండు రోజులు మిగిలి ఉండగా. మొలక పెట్టెను లారీలో పడేస్తారని, కరెంటు ఎప్పుడు కలుపుతారో తెలియదని విశాలాక్షికి అర్థమైంది. సామాన్లు సర్దేరోజు ఆవిడ ఆ ట్రేను తడిగుడ్డలో చుట్టి, ఆటో ఎక్కి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదకొండు కిలోమీటర్లూ ఆటో అతన్ని గుంత కనిపించినప్పుడల్లా నెమ్మదని బతిమాలుతూనే ఉంది. నాంచారమ్మ ట్రేను వంటగదిలో, పొయ్యికి దూరంగా, నానేసిన మినపప్పు పక్కన పెట్టించింది. రెండు రోజులూ కోడలు గుడ్డ తడుపుతూ ఉంది.

ఆటో ఎక్కేముందు విశాలాక్షి ఇంకో పని కూడా చేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పద్నాలుగో రోజున రైల్వే గేటు మేడ మీద డైరెక్టర్ గారు సంతోషంగా ఉన్నారు. ఏఐ చెప్పిన చోటే ఆఫీసు ఉండడం దేశంలో ఇదే మొదటిసారి అని భుజంగరావు గారు అన్నారు. సొరుగు తెరిచి, ఫోన్ తీసి, అందరి ముందూ డైరెక్టర్ గారు అడిగారు: "విత్తన మొలక పరీక్షా మండలి ఎక్కడ ఉంది?"

"బైపాస్ రోడ్డు, పెట్రోలు బంకు ఎదురుగా," అంది ఫోన్. "రైల్వే గేటు దగ్గర లేదు, అక్కడ టిఫిన్ బాగుంటుంది."

డైరెక్టర్ గారు ఫోన్‌ను మళ్ళీ సొరుగులో పెట్టారు. తర్వాత ఎర్ర సిరా పెన్ను మూత తీశారు. ఈసారి కమిటీ ఇంకా ఉన్నతస్థాయిలో ఉండాలని, సభ్య కార్యదర్శిగా విశాలాక్షి గారే కొనసాగాలని రాశారు.

విశాలాక్షి ఆ ఫైలు చంకన పెట్టుకుని కిందికి దిగింది. వంటగదిలో ట్రే మీది గుడ్డ తీసి, నాంచారమ్మ కోడలు ఒకపక్క, తను ఒకపక్క కూర్చుని మొలకలు లెక్కపెట్టారు. వందకు ఎనభై రెండు. మళ్ళీ లెక్కపెట్టారు. ఎనభై రెండే. కాగితం మీద ఆ అంకె రాస్తుంటే ఆవిడకు కళ్ళు చెమర్చాయి. ముద్ర ఉన్న మూట మేడ మీద ఇంకా విప్పలేదు కనుక ముద్ర లేకుండానే కాగితం మడిచింది.

పదకొండు గంటలకు తలపాగా సర్దుకుంటూ మస్తాన్ వలీ లోపలికొచ్చాడు. కాగితం చేతిలో పెడితే అంకె మీద వేలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఎనభై రెండా మేడం. అయితే రేపే నారు పోస్తా," అని, అప్పుడు కూర్చున్నాడు.

నాంచారమ్మ అతని ముందు పెసరట్టు పెట్టి, "బైపాస్‌కి పోయొచ్చావా అన్నా? ఇంత తొందరగా ఈడికెట్టా వచ్చావ్? ఆ ఫోన్ ఆడే అని చెప్తంది కదా," అంది.

"ఫోన్ చెప్పిందనే పోయా. ఆడ గేటుకు తాళం ఉంది. గేటు మీద సుద్దముక్కతో రాసుంది, ఆఫీసు రైల్వే గేటు కాడికి పోయింది, ఏడో నంబరు బస్సు ఎక్కు అని," అన్నాడు మస్తాన్ వలీ అట్టు తుంచుతూ. "ఇంక ఫోన్‌ని అడగడం ఎందుకమ్మా, మేడం దస్తూరీ నాకు తెలుసు."